రెండుసార్లు నిలవలేదు, ఇప్పుడు గర్భసంచిలో కొవ్వుల పరీక్ష అంటున్నారు

గాజువాక నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 33, పెళ్లయి ఎనిమిదేళ్లయింది. ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతారు. భర్తకు కర్మాగారంలో షిఫ్టుల ఉద్యోగం. ఆయనకు వీర్యకణాల సంఖ్య బాగా తక్కువగా ఉండడంతో నగరంలోని ఒక ఐవీఎఫ్ కేంద్రానికి వెళ్లారు. ఈ సంగతి భార్యాభర్తలిద్దరికే తెలుసు, అత్తగారికి చెప్పలేదు. నాలుగు పిండాలు తయారైతే నాలుగింటినీ ఫ్రీజ్ చేశారు. రెండుసార్లు ఒక్కొక్క పిండాన్ని గర్భసంచిలోకి పంపారు (ట్రాన్స్‌ఫర్ అంటారు). రెండుసార్లూ రక్తపరీక్ష నెగెటివ్ వచ్చింది. ఇంకా రెండు పిండాలు మిగిలాయి.

‘పిండాలు ఏ గ్రేడ్‌వి కాబట్టి లోపం గర్భసంచిలోనే ఉండాలి’ అని అక్కడి డాక్టరు అన్నారట. వచ్చే నెల పిండం పెట్టకుండా మందులు మాత్రమే వాడే ఒక ఉత్తుత్తి సైకిల్ చేసి, గర్భసంచిలోని ద్రవం కాస్త తీసి, వేరే నగరంలోని ప్రయోగశాలకు పంపి అందులోని కొవ్వులను విశ్లేషిస్తే, లోపలి పొర పిండాన్ని అందుకోవడానికి సిద్ధంగా ఉందో లేదో తెలుస్తుందని చెప్పారు. ఆ ఖర్చు భరించాలంటే అమ్మ పెట్టిన గాజులు తాకట్టు పెట్టాలి. భర్త వెంటనే చేయించేద్దామంటున్నారు. ‘కొవ్వు’ అన్న మాట చెవిన పడగానే అత్తగారు ఇంట్లో నెయ్యి, వేరుశెనగలు మానిపించారు. సింహాచలం వెళ్లి కప్పస్తంభాన్ని కౌగిలించుకుని రమ్మంటున్నారు. ఆసుపత్రిలో పరిచయమైన ఒకావిడ ఏదో తెల్లటి కొవ్వు సెలైన్ ఎక్కించుకోమని చెప్పారు. ఇవన్నీ ఒకెత్తు. రెండో ట్రాన్స్‌ఫర్ మర్నాడు మూడో అంతస్తుకు మెట్లెక్కానని, ఇంజెక్షన్ల వల్ల నడుము నొప్పి పుట్టి మందుల దుకాణంలో కొన్న బిళ్లలు రెండు రోజులు వేసుకున్నానని, తన వల్లే పోయిందేమోనని ఈ సోదరి రాత్రుళ్లు నిద్రపోవడం లేదు. ‘ఆ పరీక్షను నమ్మవచ్చా? గాజులు పెట్టేయమంటారా? నా గర్భసంచి నిజంగా పనికిరానిదా?’ అని అడిగారు.

*

అమ్మా, మీ ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతా రెండూ దాని మీదే నిలబడ్డాయి. మీ గర్భసంచి పనికిరానిదని చెప్పగల ఆధారం మీరు రాసిన దాంట్లో ఒక్కటీ లేదు. ‘పిండం బాగుంది, నిలవలేదు, కాబట్టి గర్భసంచిదే తప్పు’ అన్నది పరీక్షలో తేలిన విషయం కాదు, డాక్టరుగారి ఊహ. మీరు లెక్కలు చెప్పేవారు, ఆ ‘కాబట్టి’ దగ్గర మెట్టు తప్పిందని మీకే తెలియాలి.

ఏ గ్రేడ్ అంటే మైక్రోస్కోప్ కింద పిండం చూడ్డానికి చక్కగా ఉందని. లోపలి క్రోమోజోములు సరిగ్గా ఉన్నాయో లేదో గ్రేడ్ చెప్పదు. ముప్పైల ఆరంభంలో ఉన్న స్త్రీల పిండాల్లో కూడా దాదాపు మూడింట ఒక వంతుకు క్రోమోజోముల లెక్క తప్పుతుంది. అలాంటివి ఎంత అందంగా కనిపించినా చాలావరకు అంటుకోవు, అంటుకున్నా నిలవవు. మీ పిండాలకు క్రోమోజోముల పరీక్ష చేసినట్టు మీరు రాయలేదు. క్రోమోజోములు సరిగ్గా ఉన్న పిండం కూడా ప్రతిసారీ నిలవదు.

అమెరికాలో 2021లో వెలువడిన ఒక పరిశీలన మీకు ధైర్యం ఇస్తుందనుకుంటాను. క్రోమోజోముల పరీక్షలో నెగ్గిన పిండాలను ఒక్కొక్కటిగా వరుసగా మూడుసార్ల వరకు పెట్టించుకున్న 4 వేలకు పైగా మహిళల వివరాలు చూశారు. మూడు ప్రయత్నాలు పూర్తయ్యేసరికి కనీసం ఒక్కసారైనా పిండం అంటుకునే అవకాశం 95 శాతంగా తేలింది. వారు గర్భసంచి ఆకృతిలో లోపాలు లేనివారు, వారి పిండాలు పరీక్షించినవి. అందుకని ఆ అంకెను యథాతథంగా మీకు అన్వయించలేం. కానీ గర్భసంచి తానుగా పిండాన్ని తిరస్కరించడం ఎంత అరుదో దాన్నిబట్టి అర్థమవుతుంది. రెండుసార్లు నిలవకపోవడం గుండెకోతే, కాదనను. నిర్ధారణ మాత్రం కాదు.

ఇక పరీక్ష సంగతి. నేను డాక్టరును కాను. జీవరసాయన శాస్త్రం చదివి, ప్రయోగశాలలో కొవ్వుల నమూనాలతో చాలాకాలం పనిచేసినదాన్ని. అందుకే దీన్ని బూటకమని కొట్టిపారేయలేను. దీని వెనక ఉన్న శాస్త్రం నిజమైనది, నాకెంతో ఇష్టమైనది కూడా.

గర్భసంచి లోపలి పొర నెలంతా పిండాన్ని అందుకోలేదు. 28 రోజుల నెలసరిలో సుమారు 20వ రోజు నుంచి 24వ రోజు వరకే ఆ వీలుంటుంది. ఆ రోజుల్లో పొరలోని కణాలు తమ గోడల్లోని కొవ్వుల నుంచి అరాకిడోనిక్ ఆమ్లాన్ని విడదీసి, ప్రోస్టాగ్లాండిన్లు అనే చిన్న అణువులను తయారు చేస్తాయి. పిండం పాతుకోవడానికి అవి కావాలి. వాటిని తయారుచేసే కాక్స్-2 ఎంజైము లేని ఎలుకల్లో పిండం అంటుకోవడం దెబ్బతింటుందని 1997లోనే తెలిసింది. ఎల్‌పీఏ అనే మరో కొవ్వు అణువు సంకేతాన్ని అందుకునే గ్రాహకం లేని ఎలుకల్లో పిండాలు ఆలస్యంగా, అదీ ఒకేచోట గుంపుగా అతుక్కున్నాయని 2005లో తేలింది. ప్రోస్టాగ్లాండిన్లు ఇస్తే ఆలస్యం సర్దుకుంది, గుంపుగా అతుక్కోవడం మాత్రం సర్దుకోలేదు. ఒకే కుటుంబానికి చెందిన అణువులు ఒక్కో పని ఒక్కొక్కటిగా పంచుకున్నాయన్నమాట.

మనుషుల విషయానికొస్తే, స్పెయిన్‌లోని వాలెన్సియా పరిశోధకులు 2013లో గర్భసంచి ద్రవాన్ని పరిశీలించారు. పీజీఈ2, పీజీఎఫ్2 ఆల్ఫా అనే రెండు ప్రోస్టాగ్లాండిన్లు పిండం అంటుకునే రోజుల్లోనే పెరుగుతున్నాయని చూపించారు. ట్రాన్స్‌ఫర్‌కు ఒక రోజు ముందు తీసిన ద్రవంలో వాటి స్థాయిని బట్టి గర్భం నిలుస్తుందో లేదో ఊహించవచ్చన్నారు. తర్వాత మరికొన్ని దేశాల్లో అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటరు యంత్రంతో వందల రకాల కొవ్వులను ఒకేసారి కొలిచి, నిలిచినవారికీ నిలవనివారికీ తేడా వెతికారు. మీ డాక్టరుగారు చెప్పిన పరీక్షకు మూలం ఈ పరిశోధనలే.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఈ పరిశోధనలు చాలావరకు కొద్దిమంది స్త్రీలతో జరిగినవి. ఒక చోట కనిపించిన కొవ్వుల పట్టిక మరో చోట అలాగే కనిపించాలన్న నియమం లేదు. ‘ఈ పరీక్ష చేసి దాని ప్రకారం నడుచుకున్నవారికి, చేయనివారికంటే ఎక్కువమంది బిడ్డలు పుట్టారు’ అని పెద్ద ఎత్తున పోల్చి చూపిన రుజువు ఇంకా రాలేదు.

రెండోది నమూనా. డాక్టరు సన్నని గొట్టంతో తీసే ద్రవం ఒక చుక్క కూడా ఉండదు, గొట్టం కొసన మెరిసే తడి మాత్రమే. దాన్ని తీసిన నిమిషంలోనే గడ్డకట్టించి, మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచాలి. గొట్టం మొన పొరకు తగిలి గీరుకుంటే చాలు, ఆ గాయానికే కణాలు కొత్త ప్రోస్టాగ్లాండిన్లు విడుదల చేస్తాయి. చిన్న రక్తపు చార కలిసినా రక్తంలోని కొవ్వులు వచ్చి చేరతాయి. ముందురోజు భార్యాభర్తలు కలిసి ఉంటే వీర్యంలోని ప్రోస్టాగ్లాండిన్లు ఆ లెక్కను తారుమారు చేయగలవు. ఆ పేరు పెట్టిందే ప్రోస్టేట్ గ్రంథిని బట్టి, మొదట వాటిని గుర్తించింది వీర్యంలోనే. నమూనాను బల్ల మీద కాసేపు వదిలేసి, తర్వాత ఐసు పెట్టెలో పడేసి విశాఖ నుంచి మరో నగరానికి పంపితే, అక్కడి యంత్రం కొలిచేది మీ గర్భసంచిని కాదు, ఆ ప్రయాణాన్ని. ప్రయోగశాలలో అలా పాడైన నమూనాలు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. వాటికి కూడా అంకెలు చక్కగానే వస్తాయి, అందుకే అవి ప్రమాదకరం.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. రిపోర్టు ‘సిద్ధంగా లేదు’ అని వస్తే ఏం చేస్తారు? కొవ్వుల పట్టికను సరిచేస్తుందని నిరూపణ అయిన మందు లేదు. ఉన్న మార్గం, పొరను సిద్ధం చేసే ప్రొజెస్టెరాన్ హార్మోను మొదలుపెట్టాక ఎన్ని గంటలకు పిండం పెట్టాలో అటూ ఇటూ జరపడం. అలా జరిపితే లాభమా అన్నది ఈ పరీక్షకు అక్కలాంటి మరో పరీక్షలో తేల్చి చూశారు. ఈఆర్ఏ అనే ఆ పరీక్ష 2011లో అదే వాలెన్సియాలో పుట్టింది. పొర నుంచి చిన్న ముక్క తీసి 238 జన్యువుల పనితీరు చూస్తుంది. ప్రపంచమంతటా ఆసుపత్రులు ఏళ్ల తరబడి దాన్ని ఆశతో చేయించాయి. చివరకు 767 మందిని రెండు వర్గాలుగా చేసి పోల్చిన అమెరికా పరిశోధన 2022లో వచ్చింది. పరీక్ష ప్రకారం సమయం నిర్ణయించినవారిలో బిడ్డ పుట్టినవారు 58.5 శాతం, మామూలు సమయానికే పెట్టినవారిలో 61.9 శాతం. జరపడం వల్ల ఒరిగిందేమీ లేదు. జన్యువుల పరీక్షకు అన్నేళ్ల తర్వాత వచ్చిన ఈ ఫలితాన్ని చూశాక, అంతకంటే లేత వయసులో ఉన్న కొవ్వుల పరీక్షకు గాజులు తాకట్టు పెట్టమని నా నోటితో అనలేను.

అయినా నిర్ణయం మీది. మీ ముందున్న దారులు ఏమిటో, ఒక్కోదాని వెంట ఏం వస్తుందో చెబుతాను.

నేనైతే ముందు ఫైలు తెరుస్తాను. గర్భసంచిలో దూర్బీను పెట్టి చూసే హిస్టెరోస్కోపీ మీకు చేశారా? చిన్న పాలిప్, అడ్డుపొర, అతుకులు మామూలు స్కానింగులో తప్పిపోవచ్చు. ఫలదీకరణ నాళాల్లో నీరు చేరి ఉంటే అది గర్భసంచిలోకి కారి పిండం నిలిచే అవకాశాన్ని తగ్గిస్తుంది. అది చూశారా? మన దేశంలో గర్భసంచి క్షయ సంగతి మరచిపోకూడదు, పొరలో పాత ఇన్‌ఫెక్షన్ సంగతీ అంతే. థైరాయిడ్, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, ట్రాన్స్‌ఫర్ నాటికి రక్తంలో ప్రొజెస్టెరాన్ ఎంత ఉంది, ఇవి మీ కాగితాల్లో ఉన్నాయా? ఇవి కొత్తవీ కావు, ఆకర్షణీయమైనవీ కావు. కానీ వీటిలో ఏది తేడాగా వచ్చినా చేయడానికి ఒక పని ఉంటుంది: తీసేయవచ్చు, మందు వాడవచ్చు, మోతాదు పెంచవచ్చు. ఈ దారిలో ఒకటి రెండు నెలలు ఆలస్యమవుతుంది. మీకు దానివల్ల నష్టం లేదు. ఫ్రీజ్ చేసిన పిండానికి వయసు పెరగదు, ఐవీఎఫ్ వంటి చికిత్సలను నియంత్రించే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం పదేళ్ల వరకు నిల్వ ఉంచనిస్తుంది. రెండో అభిప్రాయం కావాలంటే మీ ఊళ్లోనే ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ ఉంది, విక్టోరియా ఆసుపత్రి ఉంది. విక్టోరియానే ఘోషాసుపత్రి అంటారు, ఆ పేరు చెబితే ఆటోవాళ్లకు కూడా తెలుస్తుంది. ఫైలు పట్టుకుని ఒక ఉదయం ఓపీకి వెళ్లి స్త్రీవైద్య నిపుణులకు చూపించవచ్చు.

ఇవన్నీ ఇప్పటికే చేసి, అన్నీ బాగున్నాయంటే, ఏ కొత్త పరీక్షా లేకుండా మూడో పిండం పెట్టించుకోవడం ఏమాత్రం తొందరపాటు కాదు. మీ వయసుకు అది మంచి ప్రయత్నమే. ఇది నిలవకపోతే ‘ఆ పరీక్ష చేయించి ఉంటే’ అన్న బాధ మిమ్మల్ని పీడిస్తుంది. పైన చెప్పిన 2022 అంకెలు అప్పుడు గుర్తు చేసుకోండి.

కొవ్వుల పరీక్ష చేయించుకోవాలనే మనసుంటే, పరిశోధనలో భాగంగా చేయించుకోండి. ట్రాన్స్‌ఫర్‌కు ముందు ద్రవం తీయడం వల్ల విజయావకాశాలు తగ్గలేదని పరిశోధనల్లో కనిపించింది, అందుకని దానికి నేను అడ్డు చెప్పను. కానీ అది పరిశోధన అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, మీకు అర్థమయ్యే భాషలో సమ్మతి పత్రం ఇవ్వాలి. పరిశోధన కోసం చేసే పరీక్షకు ఖర్చును పాల్గొన్నవారి మీద వేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ‘పరిశోధన కాదు, చికిత్సే’ అంటే, అప్పుడు ఏఆర్‌టీ చట్టం ఉంది. లాభనష్టాలు, ఖర్చు, విజయావకాశాలు దంపతులకు వివరించడం ఆ చట్టం కింద ఆసుపత్రి బాధ్యత. కాబట్టి సంకోచించకుండా అడగండి: రిపోర్టు ఏ విధంగా వస్తే మీరు ఏం మారుస్తారు? అలా మార్చినవారిలో ఎంతమందికి బిడ్డలు పుట్టారు? నమూనాను ఎన్ని నిమిషాల్లో గడ్డకట్టిస్తారు? జవాబు నోటిమాటగా కాకుండా కాగితం మీద ఇమ్మనండి. మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.

ఇవన్నీ విన్నాక కూడా డబ్బు కట్టి చేయిద్దామని మీ ఇద్దరికీ అనిపిస్తే, ఒక నష్టం ముందే తెలిసి ఉండాలి. ఆ గాజుల డబ్బు అక్కడ ఖర్చయితే, మిగిలిన రెండు పిండాలూ నిలవని పక్షంలో మళ్లీ అండాలు తీయించుకోవడానికి చేతిలో ఏమీ ఉండదు. నాకు దిగులంతా అక్కడే.

మెట్ల గురించి: పిండం జారి పడేది కాదమ్మా. గర్భసంచి ఖాళీ గది కాదు, రెండు గోడలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ట్రాన్స్‌ఫర్ తర్వాత మంచానికి అంటిపెట్టుకుని పడుకోవడం వల్ల ఫలితం మెరుగుపడలేదని పరిశోధనలు చెబుతున్నాయి. మూడంతస్తులు ఎక్కారు, బడికీ వెళ్లారు. మంచిదే. నొప్పి బిళ్లల సంగతి కాస్త వేరు. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటివి నొప్పి తగ్గించేదే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపి. అందుకని ఈసారి ట్రాన్స్‌ఫర్ దినాల్లో వాటి జోలికి పోవద్దు. నొప్పికి ఏది వాడాలో డాక్టరునే అడగండి, చాలామంది పారాసెటమాల్ రాస్తారు. డాక్టరు స్వయంగా ఆస్పిరిన్ రాసి ఉంటే దాన్ని మీ అంతట మీరు మానకండి. కానీ రెండు రోజులు వేసుకున్న ఆ బిళ్లల వల్లే పిండం పోయిందని ఎవరూ చెప్పలేరు. దాన్ని తలకెత్తుకుని నిద్ర పాడుచేసుకోవద్దు.

అత్తగారి నెయ్యికీ ఈ పరీక్షకూ సంబంధం లేదు. ఇక్కడ చూసేది గర్భసంచి కణాలు అప్పటికప్పుడు తయారుచేసుకునే అణువులను. కంచంలోని నెయ్యి, రక్తపరీక్షలో కొలెస్టరాల్ వేరే కథ. వేడన్నంలో చెంచాడు నెయ్యి వేసుకోండి, వేరుశెనగలు తినండి. ఆ తెల్లటి సెలైన్ ఇంట్రాలిపిడ్ అయి ఉంటుంది. నోటితో తినలేనివారికి ఎక్కించే సోయానూనె మిశ్రమం అది. గర్భం నిలుపుతుందనడానికి గట్టి రుజువు లేదు. పక్క మంచం వారి సలహా మీద ఎక్కించుకోవలసినది అసలే కాదు. సింహాచలం మాత్రం మీకు వెళ్లాలనిపిస్తే వెళ్లండి. ఎందరో తల్లులు ఆ కప్పస్తంభాన్ని కౌగిలించుకుని మనసులో మాట చెప్పుకుని దిగివచ్చారు. అప్పన్నను నమ్మడానికీ హిస్టెరోస్కోపీ చేయించుకోవడానికీ పేచీ లేదు. పరీక్షగా కాకుండా, మొక్కుగా వెళ్లండి.

ఇక మీరు రాయకుండా వదిలేసిన మాట ఒకటుంది. సమస్య మీవారి వీర్యకణాల దగ్గర మొదలైంది. ఆ సంగతి దాచి, ఇంట్లో అందరి చూపూ మీ కడుపు మీదే పడనిచ్చారు. ఎనిమిదేళ్లుగా ఆ బరువు మీరొక్కరే మోస్తున్నారు. ఇప్పుడు ‘గర్భసంచిలో లోపం’ అన్న మాట వినగానే ఆయన అంత తొందరపడడంలో, తన మీది భారం దిగుతుందన్న ఊరట కూడా కొంత ఉండవచ్చు. ఆయన చెడ్డవారని అనడం లేదు. ఆ బాధ ఎవరితోనూ చెప్పుకోలేక ఆయనా కుమిలిపోతూ ఉండవచ్చు. కానీ పరీక్ష చేయించాలా వద్దా అన్న మాట, ‘తప్పు ఎవరిది’ అన్న మాట, ఈ రెండూ మీ ఇంట్లో కలిసిపోయాయి. వాటిని విడదీయాలి. షిఫ్టు లేని రోజు చూసి ఆయనతో కూర్చోండి. ‘ఈ రిపోర్టు ఎలా వచ్చినా నేను లోపం ఉన్నదాన్ని కాను, మీరూ కారు’ అని ముందు చెప్పండి, తర్వాత ఖర్చు మాట ఎత్తండి. అత్తగారికి ఏం చెప్పాలో ఆయన్ను నిర్ణయించమనండి. అది ఆయన ఆరోగ్య విషయం కాబట్టి మీరు ముందుగా బయటపెట్టడం సరికాదు. అంతా చెప్పలేకపోతే, ‘ఇద్దరిదీ కలిసిన సమస్య అమ్మా, దాన్ని ఏమీ అనకు’ అని ఆయన నోటితో ఒక్క మాట చెప్పినా మీ రోజులు తేలికపడతాయి. అది కూడా కుదరదంటే నాకు మళ్లీ రాయండి, అప్పుడు మాట్లాడవలసింది పరీక్ష గురించి కాదు.

గాజుల గురించి మీ అమ్మగారికి చెప్పకుండా బ్యాంకుకు వెళ్లవద్దు. అవి మీవే, హక్కు మీదే. అయినా ఆమెను కలుపుకోండి. మీరు రాసిన దాన్ని బట్టి, ఈ ఎనిమిదేళ్లలో మిమ్మల్ని ఒక్క మాటా అనని మనిషి ఆవిడే. వచ్చే నెల ఉత్తుత్తి సైకిల్‌కు మందులు మొదలుపెట్టకముందే ఆసుపత్రి నుంచి మీ పిండాల రికార్డు, రెండు ట్రాన్స్‌ఫర్ల నోట్సు, హార్మోను రిపోర్టుల నకళ్లు తీసుకోండి. హిస్టెరోస్కోపీ రిపోర్టు లేదంటే, మొదట చేయించవలసింది అదే.